తొమ్మిదీ నలభై రెండు

హైదరాబాదు నుంచి సినిమా వాళ్లొచ్చారు.
కథ సినిమా కాదు, జరిగింది తీసే సినిమా అంట.
గ్రీమ్స్‌పేటలో నా స్టూడియో షట్టరు కింద తల వంచి
"పదకొండేండ్ల నాటి పెండ్లి క్యాసెట్టు ఉందా?" అన్నారు.

ఉంది.
దుడ్లియ్యని పెండ్లిండ్లవీ, విడిపోయిన జంటలవీ
పారెయ్యను నేను. చీమల మందు చల్లి దాస్తాను.
ఇది మాత్రం కోర్టుకు పోయొచ్చిన క్యాసెట్టు,
డబ్బా మూత మీద లక్క మరక ఇంకా ఉంది.

బెల్లం మండీ దొరస్వామి చిన్నకూతురి పెండ్లి.
పంక్తిలో పాయసం బకెట్టుతో ధనుంజయ, పెండ్లికూతురి అన్న,
చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి.
ఎవరో ఇంకొంచెం అంటే నవ్వుతాడు.
తెర కింద మూలలో తెల్లటి అంకెలు:
తొమ్మిదీ నలభై రెండు.

ఆ రాత్రే పలమనేరు రోడ్డులో గోడౌను కాలింది.
లోపల లోకనాథం, పెద్దకూతురు సులోచన మొగుడు.
మండీలో వాటా తేలేదాకా పెండ్లికి రానన్న మనిషి.
బయట గొళ్లెం పెట్టి ఉండిందని కొందరు,
వేడికి తలుపు బిగుసుకుందని కొందరు.
బెల్లం కాలిన వాసన తెల్లారేదాకా గాలిలో.
ఆకలేసింది నాకు ఆ వాసనకి.
లోపల మనిషున్నాడని తర్వాత కదా తెలిసింది.

సులోచన స్టేషన్లో తమ్ముడి పేరు చెప్పింది.
తల్లి మునెమ్మ కోర్టులో కొడుకు పక్కన నిలబడింది.
పెండ్లికూతురు ఎటు నిలబడాలో తెలీక
తన పెండ్లిరోజు ఎవరికీ చెప్పడం మానేసింది.

సినిమా వాళ్లు మొదటి రోజు తల్లిని పిలిచారు, రెండో రోజు కూతుర్ని.
కుర్చీ నాదే, పాస్‌పోర్టు ఫొటోలకు వేసేది.

మునెమ్మ అనింది:
"వడ్డించే చేతులు నాయనా వాడివి. అగ్గి పెట్టే చేతులు కావు."
లేచి పోతా పోతా అడిగింది,
"అది రేపు ఈ కుర్చీలోనే కూర్చుంటుందా?"
అవునమ్మా అన్నాను.
చెమట పట్టింది అని
కొంగుతో సీటు తుడిచింది, రెండుసార్లు.

సులోచన వెనక్కి ఆనకుండా అంచు మీదే కూర్చుంది.
"బావిలో వానికి ఈత నేర్పింది నేను.
అబద్ధం చెప్పేటప్పుడు వాడు చెవి గోక్కుంటాడు.
శవం దగ్గర రక్తం వచ్చేదాకా గోక్కున్నాడు,
నేను చూసినా."
ఏడుపు రాలేదు ఆయమ్మకి. మంచినీళ్లు అడిగింది.

ధనుంజయ కెమెరా ముందుకు రాలేదు.
సందేహం ముద్దాయికి లాభం అన్న తీర్పు కాగితాన్ని
వదిలేసిన వారంలోనే లామినేషన్ చేయించుకున్నాడు,
నా దగ్గరే, ఇరవై రూపాయలకి.
ఇప్పుడు దాన్ని యాడ పెట్టుకున్నాడో తెలీదు.

ఆఖరికి నన్ను అడిగారు.
"మీ కెమెరాలో టైము కరెక్టేనా?"

కోర్టులో కరెక్టే అన్నాను.
ఆ సాయంత్రం బ్యాటరీ మార్చినాను.
బ్యాటరీ తీస్తే టైము మర్చిపోయే రకం ఆ కెమెరా.
దిద్దుంటాను. ప్రతి పెండ్లికీ దిద్దుతాను.
ఆ పెండ్లికి దిద్దినానా?

పదకొండేండ్లుగా ఆ క్యాసెట్టులో
ఇంకో గడియారం కోసం వెతుకుతా ఉన్నాను.
మండపం గోడ గడియారాన్ని బంతిపూల దండ కప్పేసింది.
పెండ్లికొడుకు మేనమామ వాచీ చొక్కా చేతి కింద.
డోలు వాయించేటాయన ఒకసారి టైము చూసుకున్నాడు,
సరిగ్గా అప్పుడే నేను కెమెరా
పెండ్లికూతురి వైపు తిప్పినాను.

"గుర్తున్నంత వరకే చెప్పండి, చాలు,"
అన్నాడా అబ్బయ్య, మంచివాడే.
నన్నూ ఆ కుర్చీలోనే కూర్చోబెట్టారు.
ఎర్రదీపం వెలిగింది.

చెవి దురద పెట్టింది.
రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాను.